ఫొటో వెనకవైపు

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ పత్రిక ఆదివారం అనుబంధంలో కొన్ని నెలలుగా పాఠకులు పంపే పాత ఫొటోలు వేస్తున్నారు. పేపరు గుమ్మంలో పడగానే ముందుగా ఆ పేజీ తీయడం, తక్కిన వార్తలు కాఫీ అయ్యాక చూడటం నాకు అలవాటైపోయింది. ఈమధ్య అందులో వచ్చిన ఒక ఫొటో కింద '60 ఏళ్ల నాటి నెల్లూరు పెన్నా వంతెన' అని రాశారు. ఆ వంతెన మీద ఒక లారీ ఎదురుగా వస్తూ ఉంది. దాని నంబరు పలక మీద ఏపీ 26 అన్నది, మసకబారినా, భూతద్దం అక్కర లేకుండానే చదవవచ్చు. రాష్ట్రం పేరు తర్వాత జిల్లాకొక అంకె వేసే ఆ పద్ధతి, 1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989లో అమలులోకి వచ్చాక మొదలైంది. నెల్లూరుకు 26, ప్రకాశానికి 27 అప్పుడు వచ్చినవే. కాబట్టి ఆ ఫొటోకు 60 ఏళ్లు ఉండే వీలు లేదు. 35 దాటి ఉంటే గొప్ప.

పొరపాటు చిన్నదే. సర్వే శాఖలో ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి కనుక, పొలిమేర రాయి జానెడు జరిగినా కంటికి ఆనే జబ్బు నాకింకా పోలేదని మా ఇంట్లో అంటుంటారు. నేను కూడా నవ్వి ఊరుకునేవాణ్ణే. కానీ ఆ రోజు సాయంత్రం మా వీధి అరుగు మీద ఇద్దరు పెద్దలు అదే ఫొటో చూస్తూ, 'మనం హైస్కూల్లో చదివేటప్పుడు వంతెన అచ్చం ఇట్లాగే ఉండేది గదా' అని మురిసిపోవడం విన్నాను. వాళ్లిద్దరూ హైస్కూల్లో చదివింది 1960లలో. ఫొటో 1989 తర్వాత తీసింది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. మీరు అచ్చు వేసిన ఆ ఒక్క వాక్యం, తరువాతి కాలపు వంతెనను తీసుకుపోయి వాళ్ల చిన్నతనంలో పెట్టింది, వాళ్లు దానిని తమదిగా తీసుకున్నారు. ఇక ఆ ఇద్దరికీ 1965 నాటి వంతెన ఎట్లా ఉండేదో గుర్తుకు రావడం కష్టం. ఈ సంగతి మీ దృష్టికి తేవాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా శాఖలో ఒక పటం మీద స్కేలు, ఉత్తర దిక్కు గుర్తు, కొలిచిన తేదీ, కొలిచినవాడి సంతకం లేకపోతే దానిని ఎవరూ ముట్టుకోరు. కోర్టుకు అసలే వెళ్లదు. ఫొటో విషయంలో మాత్రం మనమంతా వెనకాముందూ చూడకుండా నమ్ముతాము. నేను 'వెనకాముందూ' అన్నది మాటవరసకు కాదు. పాత ఫొటోకు వెనకవైపు ఒకటి ఉంటుంది. అక్కడ స్టూడియో ముద్రో, తేదీయో, ఎవరో రాసిన రెండు మాటలో ఉంటాయి. ముందువైపు చూసి మనం ప్రేమించేది ఏ ఊరిని, ఏ కాలాన్ని, ఏ మనిషిని అన్నది వెనకవైపు రాత చూస్తే గాని తెలియదని నాకు 60 దాటాక బోధపడింది. అదెట్లాగో చెప్పడానికి కొంచెం ఇంటి గొడవ చెప్పక తప్పదు, మన్నించాలి.

మాది కందుకూరు. మా నాయన పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తాగా పనిచేసేవారు. మా ఇంట్లో నడవా గోడకు, క్యాలెండరు పక్కన, అరచేతిలో పట్టేంత ఫొటో ఒకటి అద్దాల ఫ్రేములో వేలాడుతూ ఉండేది. సముద్రపు ఒడ్డున మా అమ్మ ఒక్కతే నిలబడి ఉంటుంది. వెనక ఒడ్డుకు లాగిన పడవ, దాని వెనక అలల నురుగు. అమ్మ నవ్వుతూ ఉంటుంది. స్టూడియోలో కుర్చీ వెనక నిలబడి, చేతి గడియారం కనపడేటట్టు మణికట్టు తిప్పి పెట్టుకునే ఆ రోజుల ఫొటోలలో ఆడవాళ్లు నవ్వరు. ఊపిరి బిగబట్టి కెమెరాను చూస్తారు. అమ్మ మాత్రం ఈ ఫొటోలో పళ్లు కనపడేలా, ఎగిరే చెంగును ఒక చేత్తో పట్టుకుని, ఎవరో ఏదో అన్నందుకు నవ్వినట్టు నవ్వుతుంది. అది కార్తీక పున్నమి నాటి ఉదయం, ఇంటిల్లిపాదీ రామాయపట్నంలో సముద్ర స్నానానికి వెళ్లినప్పుడు తీసినదని మా అవ్వ చెప్పేది. మా ఇంట్లో అందరికీ అదే తెలుసు. నేనూ అక్కడ ఉన్నానని, నాకప్పుడు నాలుగో ఏడు నడుస్తున్నదని అవ్వే చెప్పింది.

చెప్పడమే కాదు, నాకు గుర్తుంది కూడా. తడి ఇసుకలో నా మడమలు దిగబడటం, పడవకు పూసిన తారు వాసన, గాలికి అమ్మ చెంగు వచ్చి నా ముఖానికి తగలడం, ఇవన్నీ నాకు నిన్న జరిగినంత స్పష్టంగా గుర్తున్నాయని జీవితమంతా అనుకున్నాను. మా పిల్లలను రెండుసార్లు రామాయపట్నం తీసుకెళ్లి, 'మీ నాయనమ్మ ఇదిగో ఇక్కడ నిలబడింది' అని వేలు పెట్టి చూపించాను. 2022 జూలైలో అక్కడ పోర్టుకు శంకుస్థాపన జరిగి, తర్వాత ఒడ్డున పెద్ద ఎత్తున పనులు సాగుతుంటే చూసి వచ్చిన రోజు, పోర్టు వస్తే పదిమందికి పని దొరుకుతుందని తెలిసి కూడా, రాత్రి అన్నం సహించలేదు. మా అమ్మ నవ్విన చోట కంకర లారీలు తిరుగుతున్నాయన్నది నా బాధ. అమ్మ అప్పటికి బతికే ఉంది. 'రామాయపట్నం పోయిందే అమ్మా' అంటే, 'ఏ సముద్రమైతే ఏందిరా అబ్బయా, అన్నీ ఉప్పునీళ్లే గదా' అని మంచం మీద అటు తిరిగి పడుకుంది. వయసు మీద పడి అట్లా అన్నదనుకున్నాను.

నిరుడు అమ్మ పోయింది. పెద్దకర్మకు పెద్ద ఫొటో కావాలని అందరూ ఈ ఫొటోనే కోరారు. ఫ్రేము తెరిచి, ఫొటోను బయటికి తీసి, నెల్లూరులో ఒక స్టూడియోకు ఇచ్చి వచ్చాను. కర్మ హడావుడిలో వాళ్లు ఇచ్చిన పెద్ద ఫొటో తెచ్చి దండ వేశాము. అసలు ఫొటో ఉన్న కవరు బీరువాలో పడేశాను. పదిహేను రోజుల తర్వాత, తిరిగి ఫ్రేము కట్టిద్దామని ఆ కవరు విప్పితే, 60 ఏళ్లలో మా ఇంట్లో ఎవరూ చూడని రెండు సంగతులు అందులో ఉన్నాయి.

మొదటిది ముందువైపే ఉంది. పూర్వం ఫ్రేము కట్టినవాడు ఫొటో చుట్టూ వేసిన అట్ట కింద వేలెడు మేర దాగిపోయి ఉండింది. ఆ దాగిన మేరలో ఇసుక మీద ఒక మనిషి నీడ పడి ఉంది. రెండు మోచేతులూ పక్కలకు వంచి, తల కిందికి దించి, పొట్ట దగ్గర ఏదో పట్టుకుని నిలబడిన మనిషి. ఆ రోజుల డబ్బా కెమెరా చూసినవారికి ఆ వాలకం వెంటనే తెలుస్తుంది. దానిని కంటికి ఆనించి తీయరు. నడుము దగ్గర పట్టుకుని, పైన ఉండే చిన్న అద్దంలోకి తల వంచి చూస్తూ మీట నొక్కుతారు. రోలుకు ఎనిమిది బొమ్మలు వచ్చేవి. వెలుతురు పెంచడానికి, తగ్గించడానికి అందులో పెద్దగా ఏమీ ఉండేది కాదు కనుక, ఎండ తీసేవాడి వీపుకు తగిలేటట్టు నిలబడమని చెప్పేవారు. అట్లా నిలబడితే తీసేవాడి నీడ తనకు ముందే పడుతుంది. ఆనాటి ఇంటి ఫొటోలలో అడుగున నీడలు కనపడటానికి కారణం అదే. ఈ ఫొటోలో ఆ నీడ తల సరిగ్గా అమ్మ పాదాల దగ్గరికి వచ్చి ఆగింది.

పాత అలవాటు కొద్దీ దిక్కులు చూసుకున్నాను. మన తీరంలో సముద్రం తూర్పున ఉంటుంది. అమ్మ వెనక సముద్రం ఉంది కాబట్టి తీసినవాడు తూర్పుముఖంగా నిలబడ్డాడు. అతని నీడ సముద్రం వైపుకు సాగిందంటే సూర్యుడు అతని వెనక, పడమట ఉన్నాడు. నీడ మనిషి కంటే పొడుగ్గా ఉంది కనుక బాగా పొద్దు వాలింది. ఇంక కార్తీక పున్నమి ఉదయపు స్నానమెక్కడిది! ఇన్నేళ్లూ గొలుసు పట్టి భూములు కొలిచినవాణ్ణి, గోడ మీద ఉన్న ఫొటోలో అమ్మ నీడ ఏ వైపు పడిందో ఒక్కనాడూ గమనించలేదు. అమ్మ నీడ కూడా సముద్రం వైపే పడి ఉంది. అట్ట దానిని దాచలేదు.

రెండోది వెనకవైపు. మా నాయన చేతిరాత, ఆఫీసుల్లో వాడే ఊదారంగు పెన్సిలు. 'కొత్తపట్నం, గుంటూరు జిల్లా. 9-2-64. సాయంత్రం. అబ్బాయిని అమ్మ దగ్గర ఉంచి ఇద్దరమే వచ్చాము.' అంతే రాసి ఉంది. క్యాలెండరు లెక్క వేసి చూస్తే 1964 ఫిబ్రవరి 9 ఆదివారం. ఆఫీసుకు సెలవు.

ఆ అబ్బాయిని నేను. నాయన అమ్మ అని రాసింది మా అవ్వను. అంటే నేను అక్కడ లేను. రామాయపట్నం కాదు, కార్తీకం కాదు, ఉదయం కాదు, ఇంటిల్లిపాదీ వెళ్లలేదు. నా మడమలు దిగబడిన ఇసుక, నా ముఖానికి తగిలిన చెంగు, తారు వాసన, అన్నీ ఆ ఫొటో చూసి, అవ్వ మాట విని, చిన్నప్పటి నుంచి నాలో నేను కట్టుకున్నవి. ఆ పడవను, ఆ చెంగును ఫొటో చూపించింది. వాసన మాత్రం నేను కలిపాను. రామాయపట్నం ఒడ్డున నేను పడిన బాధ నిజమైనదే. అయితే అది మా అమ్మ నిలబడని చోటు కోసం పడ్డ బాధ.

పోయినదంతా పోయి వచ్చినది ఒకటుంది. మా అమ్మా నాయనా కలిసి ఉన్న ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదని, పెళ్లి ఫొటో కూడా తీయలేదని నాకొక వెలితి ఉండేది. నాయన 1998లో పోయినప్పటి నుంచీ అది తొలుస్తూ ఉండేది. ఉమ్మడి సంసారంలో, 1964లో, కందుకూరు నుంచి ఒక గుమాస్తా తన భార్యను తీసుకుని ఒంగోలు మీదుగా ఇంకో జిల్లాలోని సముద్రానికి, ఏ పున్నమీ లేని ఒక మామూలు ఆదివారం, ఊరికే చూడటానికి వెళ్లడం అంటే ఇంట్లో ఏ సాకు చెప్పి ఉంటారో నేను ఊహించగలను. కెమెరా కూడా ఆయనది కాదు. ఎవరినో అడిగి తెచ్చి ఉంటారు. మిగిలిన ఏడు బొమ్మలు ఏమయ్యాయో తెలియదు. తర్వాత ఎప్పుడో ఫొటో గోడకెక్కినప్పుడు అవ్వ దానిని రామాయపట్నం అనుకుంటే, ఇద్దరూ అవును అనీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ అట్ట నీడను దాచేటట్టు వేయమని చెప్పింది ఎవరో ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు. 'ఏ సముద్రమైతే ఏందిరా' అన్న మాట నాకు ఆ రోజు మళ్లీ వినపడింది.

ఇంతకూ కర్మ నాడు దండ వేసిన పెద్ద ఫొటోలో ఆ నీడ లేదు. స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చునే కుర్రాణ్ణి వెళ్లి అడిగితే, 'కింద నల్లగా అడ్డం వచ్చింది సార్, నీట్‌గా తీసేశాను' అన్నాడు. అంతటితో ఆగక రంగులు కూడా వేశాడు. చీర ఎర్రగా, సముద్రం నీలంగా, ఆకాశం ఇంకా నీలంగా వచ్చాయి. ఆ చీర వెంకటగిరి నేత, చిలకపచ్చ రంగు. పాతబడ్డాక బొంతలో కలిసింది. ఆ బొంత ముక్క ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నేను కుర్రాణ్ణి తప్పు పట్టను, మర్యాదగానే మాట్లాడాడు, డబ్బు వెనక్కి ఇస్తానన్నాడు. అతని వృత్తిలో నీడ అంటే లోపం. నలుపు తెలుపు ఫొటోలో బూడిద రంగు తప్ప ఏమీ ఉండదు, ముదురు ఆకుపచ్చకూ ముదురు ఎరుపుకూ అందులో తేడా తెలియదు, కనుక యంత్రం తనకు తోచిన రంగు వేస్తుంది. చూసేవాడు దానిని తెలిసిన రంగు అనుకుంటాడు. మా మనవరాలికి ఇప్పుడు ముత్తవ్వ అంటే ఎర్రచీర. ఎంత చెప్పినా మారదు.

రంగుల మాట వచ్చింది కనుక ఇంకొకటి చెప్పనివ్వండి. పూర్వం ఫొటో తీసే గాజు ప్లేట్లలో చాలావాటికి ఎరుపు తెలిసేది కాదు, ఎర్రనిదల్లా నల్లగా వచ్చేది. ఆ రోజుల ఫొటోలలో ముత్తయిదువుల నుదుట కుంకుమ బొట్టు కాటుక చుక్కలా ఉండటం, ముఖాలు ఉన్నదానికంటే చామనచాయగా రావడం అందువల్లనే. 'మీ వాళ్లలో నల్లబొట్టు పెట్టే ఆచారం ఉండేదా?' అని చదువుకున్న ఒకాయన నన్ను అడిగాడు. ఇట్లా ఆచారాలు కూడా పుడతాయి కాబోలు!

ఆ తర్వాత నేను బంధువుల ఇళ్లకు వెళ్లినప్పుడల్లా, కాఫీ కంటే ముందు, గోడ మీది ఫొటోల వెనకవైపు చూస్తానని అడగడం మొదలుపెట్టాను. కొందరు వింతగా చూశారు. అయినా, వెనకవైపు స్టూడియో ముద్ర ఒక్కటి ఉన్నా ఎంత తెలుస్తుందో మీ పాఠకులకు చెప్పాలి. మా ప్రాంతం వరకూ చెబుతాను. ముద్రలో మదరాసు రాష్ట్రం అని ఉంటే అది 1953 అక్టోబరుకు ముందుది. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే 1953కూ 1956 నవంబరుకూ నడుమ. కందుకూరు, కనిగిరి, పొదిలి ముద్రల మీద నెల్లూరు జిల్లా అని, ఒంగోలు, కొత్తపట్నం ఫొటోల మీద గుంటూరు జిల్లా అని ఉంటే 1970 ఫిబ్రవరికి ముందు, ఎందుకంటే అప్పుడే వీటన్నిటినీ కలిపి ఒంగోలు జిల్లా చేశారు. ఆ జిల్లాకు 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. కాబట్టి 'ఒంగోలు జిల్లా' అన్న ముద్ర దొరికితే అది బంగారం. మూడేళ్లయినా నడవని పేరు కనుక ఫొటో కాలం ఇంచుమించు చేతికి దొరికినట్టే. (పాత రబ్బరు స్టాంపు అరిగేదాకా వాడే పొదుపరి స్టూడియోవారు కూడా ఉంటారు, ఆ జాగ్రత్త ఉండాలి.) అడ్రసు చివర ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతదే. నెల్లూరు జిల్లా పేరుకు ముందు శ్రీ పొట్టి శ్రీరాములు గారి పేరు ఉంటే 2008 తర్వాతది. మా కందుకూరు 2022 ఏప్రిల్‌లో తిరిగి నెల్లూరు జిల్లాలో చేరింది. ఆపైన కూడా అది ఏ జిల్లాలో ఉండాలన్న మాట ఆగలేదు. ఊరు కదలకుండా అక్కడే ఉంది, సర్వే రాళ్లూ అక్కడే ఉన్నాయి. దాని వెనక రాసిన జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది, ఆ మార్పే మనకు తేదీ చెబుతుంది.

ముద్ర లేని చోట చేతిరాత ఉంటుంది. సంబంధాలు చూసే రోజుల్లో అమ్మాయి ఫొటో వెనక పేరు, నక్షత్రం, గోత్రం రాసి కవరులో పెట్టి పంపేవారు. కుదరకపోతే ఫొటో తిరిగి వచ్చేది. మా బంధువుల ఇంట్లో ఒకావిడ ఫొటో వెనక ముగ్గురు వేర్వేరు మనుషుల చేతిరాతలో మూడు ఊళ్ల పేర్లు ఉన్నాయి. మొదటి రెండింటికీ అడ్డగీత కొట్టి ఉంది. మూడో ఊరు ఆమె కాపురం చేసిన ఊరు. ముందువైపు మాత్రం 18 ఏళ్ల పిల్ల, పూలజడ ముందుకు వేసుకుని ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంటుంది.

ఈ వెనకవైపులన్నీ ఇప్పుడు పోతున్నాయి. 1980లలో వచ్చిన, జిగురు గీతల మీద ఫొటో అంటించి పైన ప్లాస్టిక్ కాగితం కప్పే ఆల్బములు చాలా ఇళ్లలో ఉన్నాయి. అందులో ఫొటో వెనక రాత జిగురుకు అతుక్కుని ఊడి రాదు, బలవంతాన లాగితే చిరుగుతుంది. ఆ కాలపు రంగు ఫొటోలలో నీలి రంగు చీకటి పెట్టెలో ఉన్నా సరే తగ్గిపోయి, మనుషులందరూ ఎర్రబడి కనిపిస్తారు. వాటికంటే ముందరి నలుపు తెలుపు ఫొటోలే నిలకడగా ఉన్నాయి. లామినేషన్ చేయిస్తే రక్ష అనుకుంటారు గాని, ఒకసారి చేశాక తిరిగి ఊడదీయలేము. 2021 నవంబరులో పెన్నా పొంగి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయిన ఆ వరదలో, నది ఒడ్డు కాలనీలలో పరుపులతో పాటు ఆల్బములు కూడా ఎండలో ఆరబెట్టడం చూశాను. తడిసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి ఉండగా ఎండబెడితే వాటి మీది జెలటిన్ పొర అతుక్కుని రాయిలా అయిపోతుంది. మంచినీళ్లలో ఉంచి మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడన ఆరబెట్టాలి. అప్పుడు గమనించినది ఇంకొకటి: వెనక ఇంకు పెన్నుతో రాసినవి కరిగిపోయాయి, మామూలు పెన్సిలుతో రాసినవి నిలిచాయి. మా నాయన ఊదా పెన్సిలు రాత అయితే నీళ్లు తగిలితే పాకిపోయేదే. అదృష్టవశాత్తు కందుకూరు నడవాలోకి ఏ నీళ్లూ రాలేదు.

ఉద్యోగంలో ఉండగా, సోమశిల జలాశయం కింద ఊరు మునిగి ఇటు వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన తన ఇంటి ముందు తీసిన కొడుకు పెళ్లి ఫొటో చూపించాడు. అరుగులు, దంతెల మీద మామిడి తోరణం, వాకిట్లో పందిరి. ఆయన వేలు ఆ అరుగు మీద ఆగి చాలాసేపు కదలలేదు. పక్కనే ఉన్న మనవడు, 'ఇది మన కాలనీ ఇల్లే కదా తాతా, రంగు వేయకముందు' అన్నాడు. పెద్దాయన దిద్దబోయి, ఎందుకో మానుకున్నాడు. ఫొటో వెనక ఏమీ రాసి లేదు. ఆ ఊరి పేరు రాయమని నేను ఆ రోజే చెప్పవలసింది. నా చేతిలో పెన్సిలు ఉంది కూడా, సర్వేయరు చేతిలో ఎప్పుడూ ఉంటుంది. చెప్పలేదు.

అందువల్ల మీకు నా విన్నపం ఏమంటే, పాఠకుల నుంచి పాత ఫొటోలు కోరేటప్పుడు వెనకవైపు కూడా ఫొటో తీసి పంపమని అడగండి. అక్కడ ఉన్నది ఉన్నట్టు కింద అచ్చు వేయండి. అక్షరదోషాలు దిద్దవద్దు. తేదీ తెలియకపోతే తెలియదనే వేయండి, '60 ఏళ్ల నాటి' అని గుండుగుత్తగా వేయడం కంటే అదే పాఠకుడికి మేలు. రంగులు తర్వాత వేసినవైతే ఆ సంగతి రాయండి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫొటోలను మరీ జాగ్రత్తగా చూడాలి. అట్లా పంపినప్పుడు ఫొటోలో దాగి ఉండే తీసిన తేదీ, చోటు వివరాలు తొలగిపోతాయి, ఆ తర్వాత ఫోను చూపించే తేదీ మనకు అది అందిన తేదీ మాత్రమే. సెల్‌ఫోనులో వేలకొద్దీ ఉన్న ఈనాటి ఫొటోలకు వెనకవైపే లేదు. వాటి సంగతి నా పిల్లలు చూసుకుంటారు, నా వల్ల కాదు. గోడ మీద, పెట్టెలో ఉన్న కాగితపు ఫొటోల వరకైనా, ఇంట్లో పెద్దవాళ్లు ఉండగానే కూర్చోబెట్టి అడిగి, మెత్తని పెన్సిలుతో, ముఖాలు పడిన చోట కాకుండా అంచున, బలంగా నొక్కకుండా, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని రాసుకోమని మీ పత్రిక ద్వారా చెబితే వింటారు. బాల్‌పెన్ను వద్దని కూడా చెప్పండి, అది ముందువైపుకు గాడి పడుతుంది. మా అమ్మను నేను అడగలేదు. నాలుగేళ్లు పక్క మంచం మీదే ఉండింది.

కొత్తపట్నానికి ఈ మధ్య వెళ్లి వచ్చాను. సాయంత్రం నాలుగున్నరకు ఒడ్డున తూర్పుముఖంగా నిలబడితే నా నీడ ముందుకు పడింది. 1964లో వాళ్లు నిలబడిన చోటు ఏదో గుర్తు పట్టడానికి ఫొటోలో పడవ, నురుగు తప్ప ఆనవాలు లేదు. ఒక చెట్టు గాని, గుడి గోపురం గాని పడి ఉంటే కొలిచి చూసేవాణ్ణి. ఆ తీరంలో 60 ఏళ్ల కిందటి పడవల తీరు తెలిసిన వారు మీ పాఠకులలో ఎవరైనా ఉంటే ఆ పడవను చూసి రెండు మాటలు చెప్పగలరేమో అన్న ఆశతో, ఫొటో రెండు వైపులా తీయించిన నకళ్లు ఈ ఉత్తరంతో జత చేస్తున్నాను. వాటిని తిరిగి పంపనక్కరలేదు. చోటు ఉంటే రెండూ వేయండి. ముందువైపు వేసేటప్పుడు కింది అంచు మాత్రం కత్తిరించవద్దని మనవి.

ఇట్లు,
తమ పాఠకుడు,
విశ్రాంత సర్వేయరు,
నెల్లూరు